తరతరముల లెక్క

ఆరోగ్యవంతులైన తల్లిదండ్రులకు పుట్టిన బిడ్డ ఒక అరుదైన వ్యాధితో జన్మించినదనుకొందము. అట్టి యింట మొదట వినవచ్చు ప్రశ్న, “ఇది ఎవరి వంశమున ఉన్నది?” అనునది. సమాధానము దొరకకమునుపే తీర్పు వెలువడును. పెక్కు తావుల ఆ తీర్పు కోడలి పుట్టినింటిమీదనే పడును. తమ వంశమున ఏడు తరములుగా అట్టిదేదియు లేదని అత్తవారు ప్రమాణము చేయుదురు. వారెరిగినంతలో అది నిజమే కావచ్చును. అయినను వారి తీర్పునకు ఆధారము లేదు. ఏల లేదో తెలిసికొనుటకు శాస్త్రజ్ఞులకు ఇంచుమించు అర్ధశతాబ్ది పట్టినది. ఆ కథను, ఆ కథలో మన తెలుగుదేశమునకు గల పాత్రను ఈ ప్రసంగమున సంగ్రహముగా చెప్పుకొందము.

1859లో చార్లెస్ డార్విన్ జాతుల పుట్టుకనుగూర్చిన తన మహాగ్రంథమును ప్రకటించెను. ఏ ప్రాణియైనను బ్రతికి బట్టకట్టగలుగు దానికన్న ఎక్కువ సంతానమును కనును. ఆ సంతానమున ఏ రెండును అచ్చముగా ఒక్కతీరున ఉండవు. ఉన్న తావునకు తగిన గుణము కలవి ఎక్కువగా బ్రతికి, ఎక్కువ పిల్లలను విడిచిపోవును. ఇట్లు వేల తరములు గడువగా జాతియే మారిపోవును. ప్రకృతి వరణమని మనము పిలుచు సిద్ధాంతపు సారమింతే. కాని దీనిలో ఒక మెలిక యున్నది. తగిన గుణము పిల్లలకు చెక్కుచెదరక చేరిననేగాని ఈ వాదము నిలువదు. గుణములు ఏ రీతిగా చేరునో డార్వినుకు తెలియదు. తల్లి గుణమును తండ్రి గుణమును బిడ్డయందు పాలు నీళ్లవలె కలిసిపోవునని ఆనాటి పండితులు పెక్కుమంది నమ్మిరి.

1867లో ఫ్లీమింగ్ జెంకిన్ అను బ్రిటిషు ఇంజనీరు ఈ నమ్మకముమీదనే దెబ్బ తీసెను. బిందెడు నీళ్లలో గరిటెడు పాలు పోసినచో ఆ తెల్లదన మెంతసేపు నిలుచును? ఒక ప్రాణికి మంచి గుణమొకటి క్రొత్తగా కలిగినను, దాని బిడ్డలలో అది సగమగును, మనుమలలో పాతిక యగును, పదితరములు గడుచునప్పటికి జాడయే మిగులదు. ఇక ప్రకృతి ఏరుకొనుట కేమి మిగిలినది? డార్విను ఈ ఆక్షేపణను తేలికగా తీసికొనలేదు. 1882లో కన్నుమూయునంతవరకు ఆయనకు దీనికి సరియైన సమాధానము దొరకలేదు.

సమాధానము అప్పటికే అచ్చయియుండుట విచిత్రము. ఆస్ట్రియా సామ్రాజ్యమున, నేటి చెక్ దేశమునందలి బ్ర్నో నగరములో, గ్రెగర్ మెండెల్ అను క్రైస్తవ సన్యాసి మఠపు తోటలో బఠానీ మొక్కలను పెంచి సంకరము చేసెను. నున్నని గింజల జాతిని ముడుతల గింజల జాతితో కలుపగా, మొదటి తరమున అన్నియు నున్నని గింజలే కలిగినవి. ముడుతల గుణము మాయమైనట్లే కనబడినది. ఆ గింజలను మరల నాటి, వానియంతట వానిని ఫలింపనీయగా, 5,474 నున్ననివియు 1,850 ముడుతలవియు లభించినవి. మాయమైనదనుకొన్న గుణము నాలుగింట ఒక పాలుగా తిరిగి వచ్చినది. దానిలో రవంతయు తగ్గుదల లేదు. పాలనుండి నీటిని వేరుచేయు హంసను మన కవులు కొనియాడిరి. మెండెల్ తోటలో ప్రకృతియే ఆ హంస పని చేసినది.

నేడు మనము జన్యువు అని పిలుచు బీజము ప్రతి ప్రాణియందును జంటగా ఉండును. ఒకటి తల్లి యిచ్చినది, రెండవది తండ్రి యిచ్చినది. జంటలో ఒకటియున్నను పైకి కనబడు గుణము బహిర్గతము. రెండును చేరిననేగాని కనబడనిది అంతర్గతము. మెండెల్ 1865లో ఈ ఫలితములను తన ఊరి విద్వత్సభలో చదివెను. మరుసటి యేట అచ్చువేయించెను. ముప్పదియైదేండ్లు దానిని పట్టించుకొన్నవారు అరుదు. 1900లో ముగ్గురు యూరపు వృక్షశాస్త్రజ్ఞులు దానిని మరల వెలికితీసిరి. అప్పటికి మెండెల్ గతించి పదునారేండ్లయినది.

ఇంతలో క్రొత్త సందేహమొకటి పుట్టినది. బహిర్గతగుణము అంతర్గతగుణమును కప్పివేయుచుండగా, కొంతకాలమునకు లోకమంతయు బహిర్గతగుణమే వ్యాపింపవలదా? చేతివ్రేళ్లు పొట్టివగు ఒక వైకల్యము బహిర్గతగుణము. అట్లయిన నలుగురిలో ముగ్గురికి పొట్టివ్రేళ్లు ఉండవలెను గదా యని 1908లో లండనులోని ఒక వైద్యసభలో చర్చ వచ్చినది. జన్యుశాస్త్రజ్ఞుడు పన్నెట్ ఈ చిక్కును తన క్రికెట్ మిత్రుడైన జి. హెచ్. హార్డీకి చెప్పెను. అయిదేండ్ల తరువాత మద్రాసునుండి వచ్చిన ఒక గుమాస్తా ఉత్తరమును చదివి, శ్రీనివాస రామానుజన్ ప్రతిభను లోకమునకు చాటిన గణితవేత్త ఈ హార్డీయే. ఆయనకు ఈ ప్రశ్న బాలశిక్షగా తోచినది. జవాబును ఒక చిన్న లేఖగా వ్రాసి అమెరికాలోని ‘సైన్స్’ పత్రికకు పంపెను. అది 1908 జూలైలో వెలువడినది. అదే యేడాది జనవరిలో జర్మనీలోని స్టుట్‌గార్ట్ నగర వైద్యుడు విల్హెల్మ్ వైన్‌బెర్గ్ ఇదే సత్యమును స్వతంత్రముగా ప్రకటించియుండెను. కనుకనే దీనిని హార్డీ–వైన్‌బెర్గ్ సూత్రమందురు.

ఈ సూత్రమును మన యింటి వస్తువులతోనే గ్రహింపవచ్చును. పెద్ద కుండనిండ గురివింద గింజలున్నవి. నూటికి 90 ఎర్రవి, 10 తెల్లవి. ప్రతి బిడ్డకును ఆ కుండనుండి చూడకుండ రెండు గింజలు తీసి ఇత్తము. నూరుమంది బిడ్డలలో సగటున 81 మందికి రెండును ఎర్రవే వచ్చును. 18 మందికి ఎర్రదొకటి, తెల్లదొకటి వచ్చును. ఒక్కరికి మాత్రము రెండును తెల్లవి వచ్చును. ఇప్పుడు ఈ నూరుమంది గింజలను మరల కుండలో పోసి లెక్కింతము. ఎర్రవి 180, తెల్లవి 20. అనగా నూటికి 90, పది. పాలు మారలేదు. పైనుండి ఏ కారణమును వచ్చి కదల్చనిచో, పెండ్లిండ్లు ఏ ఎంపికయు లేక జరుగుచుండగా, ఎన్ని తరములు గడిచినను పాళ్లు అట్లే యుండును. బహిర్గతగుణము తనంత వ్యాపింపదు. అంతర్గతగుణము తనంత నశింపదు.

ఇక్కడనే మన మొదటి ప్రశ్నకు జవాబున్నది. పదివేలమందిలో ఒకరికి వచ్చు అంతర్గత వ్యాధిని తీసికొందము. అట్టి వ్యాధి జన్యువు పాలు నూటికి ఒకటి. అప్పుడు పదివేలమందిలో వ్యాధిగ్రస్తుడు ఒక్కడే. ఆ జన్యువును ఒంటిగా మోయుచు, ఏ బాధయు లేక తిరుగువారు 198 మంది. ప్రతి ఏబదిమందిలో ఇంచుమించు ఒకరు. వ్యాధి బీజములలో నూటికి 99 పాళ్లు ఆరోగ్యవంతులయందే దాగియున్నవి. కనుక ఏడు తరములుగా వంశమున వ్యాధి కనబడలేదనుట, వంశమున బీజము లేదనుటకు సాక్ష్యము కాదు. పైగా, ఇట్టి వ్యాధితో బిడ్డ పుట్టవలెనన్న తల్లి యొక బీజమును తండ్రి యొక బీజమును ఇచ్చి తీరవలెను. అన్ని వ్యాధులును ఈ తీరువి కావు. కొన్ని ఒక్కరినుండియే వచ్చును, కొన్ని బిడ్డయందే క్రొత్తగా పుట్టును. ఎట్లు వచ్చినను, తాను ఎంచుకొని ఇచ్చినవారెవరును లేరు.

పాళ్లు ఊరక మారవని హార్డీ చూపెను. మరి ప్రాణిలోకము మారుచునే యున్నది గదా! కనుక కారణములను వెదకవలెను. అవి ప్రధానముగా నాలుగు. ప్రకృతి వరణము, జన్యువునందే క్రొత్త మార్పు పుట్టుట, అనగా ఉత్పరివర్తనము, ఒక సమూహమునుండి మరియొక సమూహమునకు వలసలు, చిన్న సమూహములలో కేవలము అదృష్టవశమున కలుగు హెచ్చుతగ్గులు. ఈ నాల్గింటికిని గణితము కల్పించి, డార్వినును మెండెలును ఒక్క పీటమీద కూర్చుండబెట్టినవారు ముగ్గురు: ఇంగ్లండులో రోనాల్డ్ ఫిషర్, జె. బి. ఎస్. హాల్డేన్, అమెరికాలో స్యూవల్ రైట్. 1918 మొదలుకొని 1932 వరకు వెలువడిన వారి రచనలే జనాభా జన్యుశాస్త్రమునకు పునాదులు.

1924లో హాల్డేన్ ఒక రెక్కలపురుగు లెక్కను వేసెను. ఇంగ్లండులో మచ్చల తెల్లరెక్కలుగల ఒక చిమ్మట చెట్టు బెరడుమీద వ్రాలి పక్షుల కంటబడకుండ బ్రతుకును. 1848లో మాంచెస్టరువద్ద దానిలో నల్లనిదొకటి దొరికినది. కర్మాగారముల మసితో చెట్లు నల్లబడగా, 1895 నాటికి ఆ ప్రాంతమున నూటికి 98 నల్లవే. అర్ధశతాబ్దిలో ఇంత మార్పు జరుగవలెనన్న, నల్లవి తెల్లవానికన్న ఇంచుమించు ఒకటిన్నర రెట్లు సంతానమును విడిచియుండవలెనని హాల్డేన్ లెక్క తేల్చెను. ప్రకృతి వరణము అంత వడిగా సాగునని అప్పటివరకు ఊహించినవారు తక్కువ. 1956లో గాలిని శుభ్రపరచు చట్టము వచ్చిన తరువాత చెట్లు తేటపడినవి. నల్ల చిమ్మటలును మరల అరుదైనవి. కుండలోని పాళ్లు మన కన్నులయెదుటనే అటును ఇటును మారినవి.

అయితే నల్లరంగు బహిర్గతగుణము. ఒక్క జన్యువున్నను పైకి కనబడును, కనుక వరణము దానిని వెంటనే పట్టుకొనును. అరుదైన అంతర్గతగుణము సంగతి వేరు. అది దాగియుండును, దాగినదానిని ఏరుట ఎవరి తరము? ఈ చిన్న సత్యమును విస్మరించుటచేత ఇరువదవ శతాబ్దమున ఘోరములు జరిగినవి. ‘హీనబీజము’ కలవారికి సంతానము లేకుండ చేసినచో జాతి శుద్ధియగునని కొందరు వాదించిరి. అమెరికాలో ఇండియానా రాష్ట్రము 1907లోనే నిర్బంధ శస్త్రచికిత్స చట్టము చేసినది. 1927లో అట్టి చట్టమును ఆ దేశపు సర్వోన్నత న్యాయస్థానము సమర్థించినది. 1933లో నాజీ జర్మనీ చేసిన చట్టమువలన ఇంచుమించు 4 లక్షలమంది ఆ శస్త్రచికిత్సకు గురియైరి.

ఈ క్రౌర్యమును ధర్మము ఎట్లును ఒప్పదు, లెక్కయు ఒప్పదు. పైన చెప్పిన వ్యాధినే తీసికొందము. వ్యాధిగ్రస్తులలో ఏ ఒక్కరికిని సంతానము కలుగనీయక కట్టడిచేసినను, ఆ జన్యువు పాలు నూటికి ఒకటినుండి అరకు దిగుటకు నూరు తరములు పట్టును. తరమునకు ఇరువదియైదేండ్ల చొప్పున రెండువేల అయిదువందల సంవత్సరములు! గౌతమబుద్ధుని కాలమున మొదలుపెట్టినచో నేటికి సగము పని ముగిసియుండును. 1938లో హాల్డేన్ వారసత్వమును రాజకీయములను గూర్చి ఒక గ్రంథమే వ్రాసి, జాతిశుద్ధివాదుల వాదములోని డొల్లతనమును బయటపెట్టెను.

మంచి జన్యువు, చెడ్డ జన్యువు అను విభజనయు అంత సులువు కాదు. ఎర్ర రక్తకణములు కొడవలివలె వంగిపోవు సికిల్ సెల్ వ్యాధి ప్రాణాంతకమైనది. అది ఆఫ్రికాలోని కొన్ని తావుల అంత ఎక్కువగా ఏల నిలిచియున్నది? మధ్యధరా ప్రాంతపు తలసీమియా విషయమున హాల్డేన్ 1949లో ఒక ఊహ చేసెను: ఆ జన్యువును ఒంటిగా మోయువారికి మలేరియానుండి రక్షణ లభించుచుండవచ్చునని. సికిల్ సెల్ విషయమున ఈ సంగతి నిజమని 1954లో ఆంథొనీ అల్లిసన్ తూర్పు ఆఫ్రికాలో నిరూపించెను. జంటగా వచ్చిన చంపు బీజమే ఒంటిగా వచ్చిన కాపాడుచున్నది. మలేరియా విజృంభించు అడవులలో అది కవచము. దోమలు లేని నగరమున అది భారము మాత్రమే. మనదేశమున ఈ జన్యువును 1952లో నీలగిరులయందు మొదటిసారిగా గుర్తించిరి. మన ఏజెన్సీ ప్రాంతములలోను అది కలదు. ఈ వ్యాధిని నిర్మూలించుటకు 2023లో భారతప్రభుత్వము ఒక జాతీయ కార్యక్రమమును ఆరంభించినది.

ఇక మిగిలినది అదృష్టము. మన గురివింద కుండనుండి పదివేల గింజలు తీసినచో తెల్లవి నూటికి పదికి దగ్గరగానే వచ్చును. పది గింజలే తీసినచో తెల్లది ఒక్కటియు రాకపోవచ్చును, మూడైనను రావచ్చును. కొద్ది కుటుంబములు విడివడి వేరొక సమూహమై, తమలో తామే వియ్యమందుచు వృద్ధియైనచో, ఆ మొదటి కొద్దిమందిలో యాదృచ్ఛికముగా నున్న అరుదైన బీజము లక్షలమందికి పంచబడును. దీనికి మన తెలుగువారిలోనే ప్రసిద్ధమైన ఉదాహరణ మున్నది. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రమునకు చెందిన లాల్జీ సింగ్, తంగరాజ్ ప్రభృతులు అమెరికా శాస్త్రజ్ఞులతో కలిసి 2009లో ప్రకటించిన పరిశోధన ప్రకారము, వైశ్య సమాజమునకు మూలపురుషులైన కొద్దిమంది కాలము నూరు తరములకు పైబడినది. అప్పటినుండియు వారి పెండ్లిండ్లు చాలవరకు తమలో తామే జరిగినవి.

ఆ సమాజమున కొందరికి బ్యుటైరిల్ కోలినెస్టరేజ్ అను ఎంజైము పుట్టుకతోనే లోపించియుండును. నిత్యజీవనమున దానివలన ఏ ఇబ్బందియు లేదు. కాని శస్త్రచికిత్సవేళ కండరములను సడలించుటకు సక్సినైల్ కోలిన్ అను మందు ఇచ్చినచో, ఇతరులలో నిమిషములలో తొలగిపోవు దాని ప్రభావము వీరిలో గంటలకొలది నిలుచును. అంతసేపును ఊపిరిని యంత్రముతో నడుపవలసివచ్చును. వైద్యునికి ముందుగా తెలిసినచో వేరొక మందు వాడును, అపాయమే లేదు. ఇట్టి మరుగుపడిన బీజములు ఒక్కొక్క సమాజమున ఒక్కొక్క తీరుగా మనదేశమంతటను ఉన్నవని 2017లో వెలువడిన పరిశోధన చూపినది. ఇది ఏ సమాజమునకును కళంకము కాదు. ఆసుపత్రికి పోవువారు తెలిసికొని పోవలసిన విషయము.

ఈ శాస్త్రమును మన దేశమునకు, మన గడపకు తెచ్చినవారిలో హాల్డేన్ ముఖ్యుడు. 1957లో ఆయన ఇంగ్లండును విడిచి, మహలనోబిస్ ఆహ్వానముమీద కలకత్తాలోని భారత గణాంక సంస్థలో చేరెను. ధోవతి కట్టెను, భారత పౌరసత్వమును స్వీకరించెను. ఆయన శిష్యులలో మన పిఠాపురమున జన్మించిన ద్రోణంరాజు కృష్ణారావుగారొకరు. కృష్ణారావుగారు, డాక్టరు మీరాఖాన్‌గారు కలిసి ఆంధ్రదేశమునందలి రక్తసంబంధ వివాహములను పరిశీలించి, 1960లోను 1963లోను పరిశోధనవ్యాసములు ప్రకటించిరి. మేనరికములు, మేనమామ–మేనకోడలి వివాహములు అనాదిగా సాగుచున్న దేశము జన్యుశాస్త్రజ్ఞునికి తెరచిన పుస్తకమువంటిది.

లెక్క యేమనుచున్నది? మేనత్త మేనమామల బిడ్డలకు తాత అవ్వలు ఒక్కరే. ఆ తాతయందు దాగిన బీజము రెండు త్రోవల దిగివచ్చి మునిమనుమనియందు జంటగా కలియవచ్చును. పదివేలమందిలో ఒకరికి వచ్చు ఆ వ్యాధియే, మేనరికపు బిడ్డలు పదివేలమందిలో ఇంచుమించు ఏడుగురికి వచ్చును. మేనమామను పెండ్లాడిన సంబంధములలో పదుముగ్గురికి వచ్చును. ఇది ఒక్క వ్యాధి లెక్క. దీనిని రెండు విధముల చదువవలెను. పదివేలలో ఏడుగురన్నను, మిగిలిన 9,993 మందికి ఆ వ్యాధి లేదు. కనుక మేనరికము చేసికొన్నవారిని బెదరింపవలసిన పని లేదు. కాని ఇంటిలో ఇదివరకే అట్టి బిడ్డ పుట్టియున్నచో, ఏడు రెట్లనునది వట్టి అంకె కాదు. పెండ్లిమాటలకు ముందే జన్యుపరీక్ష గావించు వైద్యుని సంప్రదింపుమను హెచ్చరిక.

వేల యేండ్లుగా ఇట్టి వివాహములు సాగుటచేత దక్షిణదేశమున చెడ్డ బీజములు ఏనాడో ఏరివేయబడియుండునా యని శాస్త్రజ్ఞులు కొంతకాలము తర్కించిరి. వినుట కింపైన మాటయే. కాని జన్యువులను అక్షరాక్షరముగా చదువుచున్న నేటి పరిశోధనలయందు దాగిన బీజములు ఇక్కడను నిండుగనే కనబడుచున్నవి. మేనరికము కాని బయటి సంబంధమైనను, ఒక్క కులమునందే వెదకినచో, వధూవరులు అదే చిన్న కుండనుండి వచ్చినవారు కావచ్చును.

హాల్డేన్ 1962లో భువనేశ్వరమునకు తరలి, ఒరిస్సా ప్రభుత్వ సహాయమున జన్యుశాస్త్ర ప్రయోగశాలను నెలకొల్పెను. 1964 డిసెంబరు 1న అక్కడనే క్యాన్సరుతో కన్నుమూసెను. బ్రతికినంతకాలము తన శరీరముమీదనే విషవాయువుల ప్రయోగములు చేసికొన్న ఆ పండితుడు, మరణానంతరము దానిని వైద్యవిద్యకు ఉపయోగింపవలెనని వీలునామా వ్రాసియుంచెను. ఆ ప్రకారము ఆయన దేహమును కాకినాడలోని రంగరాయ వైద్యకళాశాలకు అప్పగించిరి. ఆక్స్‌ఫర్డులో పుట్టిన ఆయన కడపటి పాఠమును తెలుగు విద్యార్థులకు చెప్పెను.

నేడు ఒక చిన్న రక్తపరీక్షతో సికిల్ సెల్, తలసీమియా బీజములను మోయువారిని గుర్తింపవచ్చును. ఇద్దరు వాహకులు దంపతులైనచో ప్రతి కాన్పునందును నాలుగింట ఒక పాలు ప్రమాదమున్నదని ముందుగానే చెప్పవచ్చును. జాతకములు చూచుటకు వెచ్చించు శ్రద్ధలో కొంత ఈ పరీక్షకు వెచ్చించిన చాలును. ఆ పరీక్షకు వరుడును వధువును ఇద్దరును పోవలెను. ఒక్కరిని పరీక్షించినందువలన లెక్క పూర్తికాదు.